సవరణ: సెయింట్ మోరిట్జ్‌లో చలికాలపు అతిథులకు తొలి మజిలీ కుల్మ్ హోటల్

స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్ హోటళ్ల మీద మొన్న పెట్టిన పోస్టులో, చలికాలపు టూరిజం బద్రుట్స్ ప్యాలెస్‌లో మొదలైందని ఉంది, దాన్ని కుల్మ్ హోటల్ అని చదువుకోండి. ప్యాలెస్ తెరిచిందే 1896లో. కుల్మ్‌ను 1856లో మొదలుపెట్టిన యోహానెస్ బద్రుట్, 1864లో తన ఇంగ్లీషు అతిథులతో చలికాలంలోనూ రండి, నచ్చకపోతే ఖర్చంతా నాదే అని పందెం కాశాడని అక్కడ చెప్పుకుంటారు.

ఇంకోటి, ఆ పోస్టులో ఈ ఊరి స్పా (ఊట నీళ్లతో వైద్యం చేసే చోటు) అనగానే వేడినీటి ఊట అనుకున్నారు చాలామంది. కాదండీ, ఇక్కడి మారిషియస్ అనే పేరున్న ఊట చల్లటిది, ఇనుము, గ్యాస్ కలిసిన నీళ్లు, నోట్లో పోసుకుంటే తుప్పు రుచి, సోడాలా చురచుర. దానికి కంచు యుగంలో కట్టిన చెక్క ఒర క్రీ.పూ. 1411 నాటిదని తేలింది, హోటళ్ల దర్జా కంటే నాకు అదే గొప్ప. మే నెలలో వెళ్దామనుకునేవాళ్లు మాత్రం ముందే కనుక్కోండి, ఈ రెండు హోటళ్లూ చలికాలం, వేసవి సీజన్లలోనే తెరుస్తారు.