సోలార్ ప్యానెళ్లు సరే, కరెంటు లైన్లేవి?

2025 ఏప్రిల్ 28న మధ్యాహ్నం పన్నెండున్నరకి స్పెయిన్, పోర్చుగల్ దాదాపు మొత్తం కరెంటు పోయింది. రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి, జనం లిఫ్టుల్లో ఇరుక్కుపోయారు, ఫోన్లు కూడా పనిచేయలేదు. గంటలు గడవకముందే సోలార్ వల్లే ఇదంతా అని చాలామంది తేల్చేశారు గానీ, తర్వాత స్పెయిన్ ప్రభుత్వ రిపోర్టు చెప్పింది ఏంటంటే వోల్టేజ్ అదుపు తప్పింది, దాన్ని పట్టి ఉంచాల్సిన ప్లాంట్లు ఆ రోజు సరిపడా లేవు, ఉన్నవి కూడా చేయాల్సిన పని సరిగ్గా చేయలేదు అని. అంటే తప్పు ఎండది కాదు, గ్రిడ్‌ది, అంటే ప్లాంట్లని, ఇళ్లని కలిపే లైన్లు, సబ్‌స్టేషన్ల వ్యవస్థది.

అందరం ప్యానెళ్ల లెక్క చూస్తున్నాం, తీగల లెక్క ఎవరూ అడగట్లేదు. ప్రపంచంలో మనుషులు వాడుకునే ఎనర్జీలో కరెంటు వాటా ఇప్పటికీ సుమారు 20 శాతమే, మిగతాది పెట్రోలు, డీజిలు, గ్యాస్, బొగ్గే ఎక్కువ. బండ్లు, పొయ్యిలు, ఫ్యాక్టరీ బాయిలర్లు అన్నీ కరెంటు మీదకి రావాలంటే ఆ లోడ్ మోయడానికి లైన్లు కావాలి కదా. 2040 లోపు 8 కోట్ల కిలోమీటర్ల లైన్లు కొత్తగా వేయడమో పాతవి మార్చడమో చేయాలని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023లో లెక్కేసింది, ఇప్పుడు భూమ్మీద ఉన్న గ్రిడ్ అంతా కలిపితే ఇంచుమించు అంత! సోలార్ ప్లాంటు ఏడాది రెండేళ్లలో లేస్తుంది, పెద్ద లైనుకి ఐదు నుంచి పదిహేనేళ్లు పడుతుంది.

లైను లేకపోతే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2012, 13లో పల్లెల్లో కోతలు, ఫ్యాక్టరీలకి పవర్ హాలిడేలు గుర్తున్నాయా? అప్పుడు వేరే రాష్ట్రాల్లో కరెంటు దొరికినా ఇటు తెచ్చుకోడానికి సరిపడా లైన్లు లేవు, దక్షిణాది గ్రిడ్ వేరుగా ఉండేది, 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైను పడ్డాకే దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. ఇప్పుడు రాజస్థాన్‌ది అదే కథ, ఎడారిలో సోలార్ కరెంటు పుడుతోంది గానీ బయటికి పంపే దారి చాలక మధ్యాహ్నం ప్లాంట్లని ఉత్పత్తి తగ్గించమంటున్నారు. పైగా అక్కడ బట్టమేక పిట్ట తీగలకి తగిలి చచ్చిపోతోందని (మన కర్నూలు వైపు రోళ్లపాడు అభయారణ్యం పిట్టే అది) 2021లో సుప్రీంకోర్టు లైన్లు భూమిలో వేయమంది, 2024లో ఆ ఆర్డర్ సడలించింది. పిట్ట బతకాలి, లైనూ పడాలి, రెండూ నిజమే.

ఇక సాయంత్రం సంగతి. ఎండ పోయాకే ఇళ్లల్లో ఏసీలు, లైట్లు, మిక్సీలు. శ్రీశైలం డ్యాం ఎడమగట్టు పవర్ హౌస్‌లో ఉన్న ఆరు 150 మెగావాట్ల మెషీన్లు నీళ్లని వెనక్కి పైకి తోడగలవు, పగటి సోలార్‌తో తోడి, రాత్రి ఆ నీళ్లు వదిలి కరెంటు తీయడానికి ఇంతకన్నా మంచి ఆస్తి మనకేముంది? దాన్ని వరదలొచ్చినప్పటి కరెంటు లాగే చూడటం మానాలి.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది టవర్ దిగే పొలం రైతు. కరెంటు ఎక్కడికో పోతుంది, టవర్ కాళ్లు మాత్రం అతని చేలో. 2024 జూన్‌లో కేంద్రం టవర్ కింద స్థలానికి భూమి విలువకి రెట్టింపు ఇవ్వాలని గైడ్‌లైన్స్ ఇచ్చింది, కానీ అమలు రాష్ట్రాల చేతిలోనే ఉంది. ఆ డబ్బు గుంత తవ్వకముందే రైతు అకౌంట్లో పడాలి.