తోక దించిన లైట్నింగ్

మా బావ ముక్కలు అతికించే ప్లాస్టిక్ బొమ్మ విమానం మొదలెట్టాడంటే అక్క వంటింట్లో ఏ వస్తువూ పెట్టినచోట ఉండదు. ఈసారి తెచ్చింది పీ-38 లైట్నింగ్ అని రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికా యుద్ధవిమానం, 1/48 స్కేలు, అంటే అసలు దాన్లో నలభై ఎనిమిదో వంతు. ముక్కులో బరువు పెట్టమని కిట్టు కాగితంలో బొమ్మేసి మరీ చెప్పారు.

ఆ కాలపు విమానాలే అయినా స్పిట్‌ఫైర్‌కీ డకోటాకీ ఈ బాధ లేదు. వాటి చిన్నచక్రం తోక కిందే, తోక దించుకుని కూర్చోవడమే వాటి మర్యాద. లైట్నింగ్‌కి చిన్నచక్రం ముక్కు కింద. మొత్తం బరువు పెద్దచక్రాలకి కాస్త ముందుకి పడకపోతే ముక్కెత్తి ఆకాశం చూస్తుంది. పైగా తోకని మోసే రెండు పొడుగాటి దూలాలు, ఆ బరువంతా వెనకే.

బావ ముక్కలన్నీ టేపుతో అంటించి, పెద్దచక్రాల మీద నిలబెట్టి, ముక్కు మీద ఏదో ఒకటి పెట్టి చూస్తున్నాడు. రూపాయి బిళ్ళలకి చలించలేదు. నట్లకి కొంచెం ఊగింది. కుక్కర్ విజిల్ పెట్టగానే టపీమని వాలింది.

"ఏవండీ, పప్పు ఉడకాలా వద్దా?"

"ఉండవే, సెంటరాఫ్ గ్రావిటీ చూస్తున్నా."

"దాన్ని తర్వాత చూద్దురుగాని, ముందు విజిల్ ఇటివ్వండి. అయినా మొన్న రాజమండ్రి ఫ్లైట్‌లో వెనక తలుపులోంచి ఎక్కేటప్పుడు తోక కింద కర్ర పెట్టారుగా? మీరూ ఓ పుల్ల పెట్టండి."

రాజమండ్రి వెళ్ళే ఆ ఏటీఆర్ రకం చిన్న విమానానికి తోక వాలకుండా నిజంగానే పెడతారు. రష్యావాళ్ళ ఐఎల్-62కి అయితే ఇంజన్లు నాలుగూ వెనకే, అందుకని ఆగినప్పుడు దించడానికి తోక దగ్గర చిన్నకాలు విమానంలోనే ఉంటుంది. ఇదంతా బావకి తెలుసు. తెలిసే మొహం మాడ్చుకున్నాడు. పుల్ల పెట్టడమంటే ఆయనకి పరువు తక్కువ.

విజిల్‌కి సరితూగే సీసం గుండ్లు, గాలాలకి కట్టేవి, ముక్కులోనూ ఇంజన్లలోనూ కూరేశాడు. అందులో సగమే సరిపోయేదేమో, ఎవరు చెప్పాలి? ముక్కు మూసి, అతికి, రంగులేసి, చక్రాలు పెట్టి షోకేసులో నిలబెట్టాడు. నిలబడింది! అక్కకి కూడా చూపించాడు.

తెల్లారేసరికి అగ్గిపుల్లంత ముందుకాలు ఆ సీసం మోయలేక వంగి, విరిగి, లైట్నింగ్ ముక్కు నేలకానించి సాష్టాంగపడి ఉంది.

సరిగ్గా అప్పుడే పేపరు కోసం వచ్చిన పక్కింటాయన షోకేసు ముందు ఆగిపోయాడు. "అబ్బ! దిగేటప్పుడు కూలినట్టు భలే కుదిర్చారండీ."

"అదేనండీ కష్టం," అన్నాడు బావ, "అందుకే నెలలు పట్టింది."