బూట్లు వడియాలు కావు నాయనా

ఇప్పుడే డాబా దిగొచ్చాను. ఒళ్లు మండిపోతోంది. నా అయిదు మిల్లీమీటర్ల మందం నియోప్రిన్ రబ్బరు డైవింగ్ బూట్లు నీళ్ల ట్యాంకు పక్కన, ఏప్రిల్ నెల విశాఖ ఎండలో, మా అత్తగారి గుమ్మడి వడియాల పక్కనే పడున్నాయి. రెండ్రోజుల నుంచీ! వడియాలూ ఎండాయి, బూట్లూ ఎండాయి.

పోయిన ఆదివారం రుషికొండలో డైవింగ్‌కని మా మరిది పట్టుకెళ్లాడు. ఉప్పునీళ్లు కారుతుండగానే ప్లాస్టిక్ కవర్లో ముడేసి కారు డిక్కీలో పడేశాడు. గురువారం కారంతా కంపు కొడితే గుర్తొచ్చిందట. "ఎండకి క్రిములు చస్తాయి కదా వదినా!" క్రిముల సంగతేమో గానీ అతుకుల దగ్గర జిగురు మాత్రం చచ్చింది. బొటనవేలి దగ్గర సోల్ నోరు తెరిచింది. జిప్పు పళ్ల మధ్య ఇసుకా ఉప్పూ గడ్డకట్టి సగంలోనే ఆగిపోయింది. ఫెవిక్విక్ తెస్తానన్నాడు మహానుభావుడు. సాగే రబ్బరుకి రాయిలా బిగుసుకునే జిగురట!

అది స్పాంజి లాంటి రబ్బరు బాబూ, లోపలంతా గాలిబుడగలు. ఎండలో పెడితే గట్టిపడి పగుళ్లొస్తాయి. తీసుకెళ్లేటప్పుడే చిలక్కి చెప్పినట్టు చెప్పాను. పైకి రాగానే మంచినీళ్ల బకెట్లో ముంచు, లోపలా బయటా కడుగు, జిప్పు తెరిచి కడుగు. ఉప్పు ఉంటే ఎంతసేపు ఆరేసినా ఆరి చావవు, అది గాలిలో తేమని లాక్కుంటూనే ఉంటుంది. మన వైజాగ్ గాలిలో తేమకేం కరువు? తర్వాత లోపల పాత పేపర్లు కుక్కి, అవి తడిస్తే మార్చి, నీడలో గాలాడే చోట తలకిందులుగా పెట్టు. ఇంతకంటే ఏముంది? బ్రహ్మవిద్యా?

ఇదే మనిషి తన స్నీకర్లని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలేసి మరీ దాస్తాడు. ఒకసారి మావాడు వాటిలో కాళ్లు పెట్టాడని రెండ్రోజులు మూతి ముడుచుకున్నాడు. నావైతే "చెప్పులే కదా వదినా".

ఈ ఇంట్లో నా వస్తువంటే అంతే లెండి. నాలుగేళ్ల కిందటి ఆవకాయ గుర్తుందా? సంతలో గంటసేపు నిలబడి ముక్కలు కొట్టించి, గుడ్డతో ఒక్కో ముక్కా తుడిచి పెట్టిన జాడీ. అందులో తడి గరిటె పెట్టిందెవరో అందరికీ తెలుసు. బూజు పట్టాక "ఈ ఏడు కాయ మంచిది కాదు" అని తేల్చేశారు. ఒక్కరైనా ఆ గరిటె పెట్టినాయన్ని పల్లెత్తు మాటన్నారా? నేను సముద్రంలోకి దిగుతానంటే మాత్రం "పెళ్లయినదానికి ఇవేం సరదాలమ్మా" అని పక్కింటావిడతో సహా అందరికీ నోళ్లున్నాయి.

ఇది రాస్తుంటే కింద నుంచి అత్తగారి కేకలు. వడియాలకి రబ్బరు వాసన పట్టిందట. ఆ బూట్లు ఎవరివి, నావి కదా. అందుకని తప్పు నాదే.