ఇంగ్లీషు ‘క్రీప్’ అంటే పాకడమని ఇంకా ఎన్నాళ్లు రాయిస్తారు?

మా విజయనగరంలో ఏ ట్యూషన్ పిల్లాడి నోట్సు తిప్పినా అదే వరస. క్రాల్ అంటే పాకు, క్రీప్ అన్నా పాకు. పక్కన క్రీప్, క్రెప్ట్, క్రెప్ట్ అని మూడు రూపాలు, మీద ఎర్ర ఇంకుతో టిక్కు. అయిపోయింది చదువు! రెండూ ఒకటే అయితే రెండు మాటలెందుకు సార్ అని ఎవడైనా అడిగితే వాడికి మొట్టికాయ.

తేడా ఉంది మరి. సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ఆటో ఎక్కారనుకోండి, అది క్రాల్ అవుతుంది. నత్తనడకే గానీ అందులో దాపరికం ఏముంది, హారన్ ఊరంతా వినబడుతుంటే! అదే సెకండ్ షో చూసొచ్చిన కుర్రాడు చెప్పులు చేత్తో పట్టుకుని, గొళ్లెం చప్పుడు కాకుండా తలుపు తోసి, నాన్న మంచం పక్కనుంచి ఊపిరి బిగబట్టి లోపలికి జారుకుంటాడు చూడండి, అదీ క్రీప్ అంటే. వాడు రెండు కాళ్ల మీదే వెళ్లాడు, ఎక్కడా పాకలేదు.

పైగా మన ‘పాకు’లో ఆ గుట్టు లేనే లేదు. పుకారు ఊరంతా పాకింది అంటే గంటలో అందరి నోళ్లలో పడిందనే కదా. తీగ దగ్గర మాత్రం రెండూ కలుస్తాయి. బీరపాదు పందిరి మీదికి పాకుతుంది, ఇంగ్లీషు వాళ్లూ తీగని క్రీపర్ అనే అంటారు. తంటా అక్కడే మొదలైందని నా అనుమానం.

క్రీప్ అనే మాటకి అసలైన ఉదాహరణ పక్కనే శ్రీకాకుళం జిల్లాలో ఉంది. ఉద్దానం కిడ్నీ జబ్బు. మొదట్లో నొప్పుండదు, మనిషి కొబ్బరి తోటలోనో జీడి తోటలోనో పని చేసుకుంటూనే ఉంటాడు, లోపల రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) కొంచెం కొంచెంగా పెరిగిపోతుంటుంది. కాళ్లు వాచి, అన్నం సయించక పరీక్ష చేయిస్తే అప్పటికే కిడ్నీలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. ఇలా తెలియకుండా మీదికి రావడాన్నే ‘క్రీప్ అప్ ఆన్’ అంటారు. ఆ ఉద్దానంలోని కవిటి, సోంపేట పిల్లలకి ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంజినీరింగ్ వాళ్లూ ఈ మాట వాడతారు. థర్మల్ ప్లాంట్ బాయిలర్ గొట్టం విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో ఏళ్ల తరబడి ఉండి మెల్లగా సాగిపోతే అది క్రీప్. సాఫ్ట్‌వేర్‌లో ‘ఇదొక్కటి కలిపేయండి’ అంటూ క్లయింట్ పని పెంచుకుంటూ పోతే స్కోప్ క్రీప్.

ఇక బస్సులో ఆడపిల్లల పక్కకి చేరి గుడ్లప్పగించి చూసేవాణ్ని క్రీప్ అనడం మామూలైపోయింది. అది తిట్టు. కానీ మన ట్యూషన్ నోట్సు ప్రకారం వాడు ‘పాకేవాడు’ అవుతాడు!