కంచె బయటి తండ్రులకు ఒక అభయశాసనం

18 ఏళ్ళు నిండందే మన దేశంలో కారు లైసెన్సు ఇవ్వరు. గేర్లు లేని 50 సీసీ బండికైనా 16 నిండాలి. ఇన్ని చట్టాలున్న చోట, 19 కిలోల ఏడేళ్ళ పిల్లను దగ్గర దగ్గర 450 కిలోల జంతువు మీద కూర్చోబెట్టడానికి మాత్రం తండ్రి సంతకం ఒక్కటి చాలు. ఆ సంతకం పెట్టింది నేనే. పెన్ను కూడా నాదే. కాబట్టి ఎవరినీ నిందించే హక్కు నాకు లేదని మా ఆవిడ అంటుంది. నిందించడం లేదు, సమాజం దృష్టికి తెస్తున్నానంతే.

మొదలైంది మా బావమరిది బరాత్‌లో. అందరూ పెళ్ళికొడుకును చూస్తుంటే మా అమ్మాయి గుర్రాన్ని చూసింది. ఇంటికొచ్చాక "నాన్నా, మనమూ గుర్రం కొనుక్కుందాం" అంది. కొనను గానీ స్వారీ నేర్పిస్తానని బేరమాడి, పెద్ద ఖర్చు తప్పించుకున్నానని వారం రోజులు మురిసిపోయాను. ఆదివారం పొద్దున ఆరింటికి, గండిపేట దాటాక మొయినాబాద్ వైపు ఒక ఇసుక మైదానం కంచె పట్టుకుని నిలబడితే గానీ ఆ తెలివి విలువ తెలిసిరాలేదు.

గుర్రం పేరు బిజిలీ. మెరుపు అని అర్థం. పిల్లలెక్కే గుర్రానికి ఈ పేరు పెట్టినవాళ్ళ మీద విచారణ కమిషన్ వెయ్యాలి. నెమ్మది, నిదానం, ఓర్పు లాంటి చక్కని పేర్లు ఖాళీగా పడి ఉన్నాయి కదా. నా ముఖం చూసి కోచ్ ధైర్యం చెప్పబోయాడు. "టెన్షన్ పడకండి సార్, ఇది మలక్‌పేట రేసుల్లో పరిగెత్తిన గుర్రం." నా కాళ్ళ కింద ఇసుక కదిలింది. "ఒక్క రేసు కూడా గెలవలేదు సార్" అన్నాడు వెంటనే. పరుల ఓటమికి అంత సంతోషించడం నా జీవితంలో అదే మొదలు.

గుర్రాన్ని ఎడమవైపు నుంచే ఎక్కాలట. పూర్వం సైనికుల నడుముకు ఎడమవైపు కత్తి వేలాడేది గనక, అది అడ్డం పడకుండా అలా అలవాటైందంటారు. మా అమ్మాయి నడుముకు కత్తి లేదు, కుందేలు బొమ్మ వాటర్ బాటిల్ ఉంది. అయినా శాస్త్రం శాస్త్రమే. జీనుకు తోలుపట్టీతో వేలాడే రికాబులను, అంటే పాదాలు పెట్టుకునే కడియాలను, కోచ్ పైకి జరిపాడు. ఎంత జరిపినా కాళ్ళు అందలేదు. చివరికి ఆ తోలుపట్టీని ఒక చుట్టు చుట్టి కురచ చేశాడు. హెల్మెట్ కింద నుంచి రెండు జడలు. పైకెక్కి నావైపు చూసి నవ్వింది. ముందరి పళ్ళు రెండు లేవు. అవి గుర్రం వల్ల పోలేదని, అంతకు ముందే ఊడాయని, ఆ ఫోటో పెట్టిన ప్రతిచోటా విడిగా రాయాల్సి వచ్చింది.

నేను మాత్రం బిజిలీ చెవులే చూస్తున్నాను. గుర్రం చెవులు వెనక్కి అణిచిపెడితే కోపంగా ఉన్నట్టని ముందు రోజు రాత్రి చదివాను. ఇది ఒక చెవి ముందుకు, ఒకటి వెనక్కి పెట్టింది. అంటే సగం కోపమా? కోచ్‌ని అడిగితే, వెనక చెవి అమ్మాయి మాట వినడానికట.

"మరి ముందు చెవి?"

"మీ మాట వినడానికి సార్. మీరు కొంచెం తగ్గించాలి."

మా అమ్మ దృష్టిలో మనవరాలు అప్పటికే రుద్రమదేవి. ఇక్కడే చరిత్రకారుల మీద నాకో అభ్యంతరం ఉంది. గణపతిదేవుడు కూతురికి రాజ్యం అప్పగించాడని పేజీలకు పేజీలు రాశారు. ఆవిడ గుర్రమెక్కడం నేర్చుకుంటున్నప్పుడు ఆ తండ్రి ఎక్కడ నిలబడ్డాడో, ఎన్ని కొబ్బరికాయలు మొక్కుకున్నాడో ఒక్కరూ రాయలేదు. 1244లో ఆయనే మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన వర్తకుల సరుకు లాక్కోం, సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం, భయపడకండి అని. ఎక్కడెక్కడి ఓడలవాళ్ళకో అభయమిచ్చిన మహారాజు, కంచె బయటి తండ్రులకు నాలుగు వాక్యాలు చెక్కించలేకపోయాడా? బహుశా ఆ టైములో చేతులు వణుకుతూ ఉండి ఉంటాయి.

నాలుగో వారం ట్రాట్ మొదలైంది. నడకకీ దౌడుకీ మధ్య రకం. గుర్రం అడుగుల లయకి తగ్గట్టు జీను మీద లేస్తూ కూర్చుంటూ ఉండాలి. కోచ్ "అప్, డౌన్, అప్, డౌన్" అంటున్నాడు. కంచె బయట నేనూ లేస్తున్నాను, కూర్చుంటున్నాను. అమ్మాయికి లయ కుదిరింది, నాకు మోకాలు పట్టింది. అంతలో బిజిలీ ఎందుకో ఠక్కున ఆగింది. అమ్మాయి దాని మెడ పక్కనుంచి జారి మెత్తగా ఇసుకలో కూర్చుంది. నేను ఒక్క ఉదుటున కంచె దూకాను. అంటే, దూకాననే అనుకున్నాను. ప్యాంటు పైకమ్మీకి చిక్కుకుంది. గుర్రాల కుర్రాడొచ్చి నన్ను విడిపించేసరికి అమ్మాయి ఒళ్ళు దులుపుకుని మళ్ళీ పైకెక్కేసింది.

"నాన్నా, నీకు దెబ్బ తగిలిందా?" అని అంత ఎత్తు నుంచి అడిగింది.

ఆ రోజు వీడియో బంధువుల గ్రూపులో పెట్టాను. వీరనారి అని, దిష్టి తీయించమని బోలెడు మెసేజులు. విజయవాడ పిన్ని మాత్రం "చాలా బాగుంది నాయనా, వెనకాల ఏడుస్తున్నదెవరు?" అని అడిగింది. అప్పటినుంచి వీడియోల్లో నా గొంతు తీసేసి పాట పెడుతున్నాను.

అలాగని గర్వం లేదనుకోకండి. చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో, 2023లో, మన డ్రెసాజ్ (గుర్రం చేత పద్ధతిగా అడుగులు వేయించే పోటీ) జట్టు బంగారు పతకం తెచ్చింది. గుర్రపు స్వారీలో 41 ఏళ్ళ తర్వాత మనకు దక్కిన స్వర్ణం అది. ఇంకో 41 ఏళ్ళు ఆగాల్సి వచ్చినా మా అమ్మాయికి 48 ఏళ్ళే. ఈ ఆటకి అది వయసే కాదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో జపాన్ రౌతు హిరోషి హొకెత్సు 71 ఏళ్ళ వయసులో పోటీపడ్డాడు. ఈ లెక్కన నాకింకా 64 ఏళ్ళ టెన్షన్ బాకీ ఉంది.

పోయిన ఆదివారం వెళ్ళేసరికి మైదానం దగ్గర కొత్త బోర్డు వేలాడుతోంది. తల్లిదండ్రులు ఇకపై వేపచెట్టు దగ్గరే నిలబడాలట. చెట్టుకీ కంచెకీ మధ్య నా అడుగుల్లో సరిగ్గా 62 అడుగులు. బోర్డు అందరికీ అన్నారు గానీ, ఆ చెట్టు కింద కుర్చీ ఒక్కటే వేశారు. బైనాక్యులర్స్ ఆర్డర్ పెట్టాను. శనివారంలోగా వచ్చేస్తాయంటున్నారు.