సవరణ: సెస్నా 172ఎన్‌లో కార్బ్ హీట్ పూర్తిగా లాగాలి

సెస్నా 172ఎన్ అనే చిన్న విమానం ఎగురుతుండగా ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పడిపోతే ఏం చేయాలో చెప్పిన క్రితం పోస్టులో "కార్బ్ హీట్ కొద్దిగా లాగి చూడండి, ఇంజిన్ వణికితే మూసేయండి" అని ఉంది. కార్బ్ హీట్ అంటే కార్బ్యురేటర్‌లోకి (పెట్రోలును గాలితో కలిపే భాగంలోకి) వేడిగాలి పంపే నాబ్. దాన్ని అలా కొద్దిగా లాగి మూసేయడం ప్రమాదం. నాబ్ పూర్తిగా బయటికి లాగాలి, లాగాక అలాగే ఉంచాలి.

కార్బ్యురేటర్‌లో పేరుకున్న మంచు కరిగి, ఆ నీరు సిలిండర్లలోకి పోతుంది. పైగా వేడిగాలి పలచన కాబట్టి మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది. అందుకే మొదట ఇంజిన్ ఇంకా గరగరమంటుంది, ఆర్‌పీఎం మరికాస్త తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే భయపడి నాబ్ లోపలికి నెట్టేస్తారు. దయచేసి నెట్టొద్దు. మంచు పోయాక ఆర్‌పీఎం పైకొస్తుంది.

ఈ మంచు "చలికాలంలోనే" కడుతుందని ఆ పోస్టులో ఉన్న మాట కూడా తీసేయండి. పెట్రోలు ఆవిరవడం వల్ల, వెంచురీలో (కార్బ్యురేటర్‌లోని ఇరుకు గొట్టంలో) పీడనం తగ్గడం వల్ల లోపలి గాలి 20 డిగ్రీలకు పైగా చల్లబడగలదు. గాలిలో తేమ ఉంటే బయట 25 డిగ్రీలున్నా, థ్రాటిల్ (ఇంజిన్ శక్తి) తగ్గించి దిగేటప్పుడు మంచు కట్టవచ్చు.

ఇంజిన్ ఆగిపోతే చేయాల్సిన వరుసలో మార్పు లేదు: ముందు 65 నాట్ల వేగంతో గ్లైడ్ (ఇంజిన్ శక్తి లేకుండా జారుతూ దిగడం), తర్వాత కార్బ్ హీట్, ఫ్యూయల్ సెలెక్టర్ బోత్ (రెండు ట్యాంకుల నుంచీ పెట్రోలు), మిక్స్చర్ రిచ్ (పెట్రోలు పాలు ఎక్కువ), ఇగ్నిషన్ బోత్ (రెండు మాగ్నెటోలూ, అంటే స్పార్క్ ఇచ్చే పరికరాలూ), ప్రైమర్ (స్టార్ట్ చేసేటప్పుడు పెట్రోలు పంపే చేతిపంపు) లోపలికి నెట్టి లాక్. 172ఆర్, 172ఎస్ నడిపేవాళ్లు తమ మాన్యువల్ చూసుకోవాలి. అవి కార్బ్యురేటర్ లేని ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి, కార్బ్ హీట్ నాబే ఉండదు.