యాప్‌లో ‘ఆఫ్‌లైన్’ అంటే సోలార్ ఆగిపోయినట్టేనా? తిరుగుతున్న ఆ సందేశానికి జవాబు

ఇంటి మీద సోలార్ పెట్టించుకున్నవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. అందులో ఉన్న మాటలు ఇవి: ప్లాంటు ఉత్పత్తి చూపించే యాప్‌లో ‘ఆఫ్‌లైన్’ అని వచ్చిందంటే ప్లాంటు ఆగిపోయినట్టే. ఆ రోజుల యూనిట్లు బిల్లులో కలవవు. ఇంట్లో 5జీ వైఫై పెట్టిస్తే, స్టాటిక్ ఐపీ (ఎప్పటికీ మారని ఇంటర్నెట్ చిరునామా) తీసుకుంటే సమస్య ఉండదు. అప్పటికీ రాకపోతే డాంగిల్ రీసెట్ నొక్కండి, కాకపోతే ప్యానెల్ వైర్లు ఊడదీసి మళ్ళీ పెట్టండి. ఇదంతా ఏఎంసీ (ఏటా చేసుకునే నిర్వహణ ఒప్పందం) డబ్బుల కోసం కంపెనీవాళ్ళు కావాలని చేసే పని.

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక, 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ వస్తుండటంతో మన ఊళ్ళలో మొదటిసారి సోలార్ చూస్తున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. ఈ సందేశం చేరుతున్నది వాళ్ళకే. ఇందులో ఒక సలహా ప్రాణం మీదికి తెచ్చేది, మిగతావి డబ్బూ సమయం వృథా చేసేవి. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెప్పాలి.

“ఆఫ్‌లైన్ అంటే ప్లాంటు ఆగిపోయినట్టే”

కాదు. ప్యానెళ్ళ కరెంటుని ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె ఇన్వర్టర్. దాని పనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ప్యానెళ్ళ నుంచి డీసీ కరెంటు, మీటరు వైపు నుంచి గ్రిడ్ (బయటి కరెంటు లైను) సరఫరా ఉంటే దాని పని అది చేసుకుపోతుంది. ఇన్వర్టర్ అడుగున తగిలించిన చిన్న డాంగిల్, ఎంత కరెంటు తయారవుతోందో ఆ అంకెలు చదివి, ఇంటి వైఫై ద్వారా కంపెనీ సర్వర్‌కి సాధారణంగా 5 నిమిషాలకోసారి పంపుతుంది. యాప్ చూపించేది సర్వర్‌లో ఉన్నదాన్ని. ఇన్వర్టర్, డాంగిల్, రౌటర్, ఇంటర్నెట్, సర్వర్, ఫోను: ఈ వరసలో ఎక్కడ తెగినా యాప్‌లో కనబడేది ఒకే మాట, ‘ఆఫ్‌లైన్’.

కాబట్టి ముందు చూడాల్సింది ఫోను కాదు, ఇన్వర్టర్. ఎండ బాగా ఉన్నప్పుడు, పగలు 11 నుంచి 1 గంట మధ్య దాని దగ్గరికి వెళ్ళండి. స్క్రీన్ మీద ఇప్పటి పవర్ వాట్లలో కనబడుతుంది. 3 కిలోవాట్ల ప్లాంటుకి ఆ వేళప్పుడు 2,000 నుంచి 2,500 దాకా ఉంటే బాగానే నడుస్తున్నట్టు. ‘ఈ-టుడే’ అన్నచోట ఆ రోజు యూనిట్లు, ‘ఈ-టోటల్’ అన్నచోట పెట్టిన రోజు నుంచి అయిన మొత్తం యూనిట్లు ఉంటాయి. మంచి ఎండ రోజున కిలోవాట్‌కి సుమారు 4 యూనిట్ల లెక్కన సాయంత్రానికి 12 దాకా రావాలి. స్క్రీన్ లేని మోడల్ అయితే పచ్చ లైటు నిలకడగా వెలుగుతోందా, ఎర్ర లైటు ఉందా చూడండి. అదీ అర్థం కాకపోతే నెట్ మీటరు (గ్రిడ్ నుంచి తీసుకున్నదీ, గ్రిడ్‌కి పంపిందీ రెండూ లెక్కపెట్టే మీటరు) డిస్‌ప్లే తిరిగేటప్పుడు ఎక్స్‌పోర్ట్, అంటే గ్రిడ్‌కి పంపిన యూనిట్ల అంకె చూసుకుని, అరగంట తర్వాత మళ్ళీ చూడండి. ఇంట్లో ఏసీ, గీజరు ఆపి ఉంటే ఆ అంకె పెరిగి తీరాలి.

ఆఫ్‌లైన్ అని రావడమే సహజమైన వేళలు కూడా ఉన్నాయి. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కి కలిపి నడిచే (గ్రిడ్-టైడ్) ఇన్వర్టర్లలో చాలావాటికి రాత్రి ప్రాణం ఉండదు. డాంగిల్ కరెంటు తీసుకునేది ఇన్వర్టర్ నుంచే కనుక పొద్దు వాలాక అది పడుకుంటుంది, తెల్లవారి లేస్తుంది. పగలు కరెంటు పోతే కథ వేరు. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకూడదు కాబట్టి గ్రిడ్ పోగానే ఇన్వర్టర్ ఉత్పత్తి ఆపేస్తుంది. డాంగిల్ వెలుగుతూనే ఉంటుంది కానీ రౌటర్ ఆరిపోయి ఉంటుంది. కరెంటు వచ్చాక ఇన్వర్టర్ కొద్ది నిమిషాలు గ్రిడ్‌ని గమనించి మొదలుపెడుతుంది, రౌటరూ లేవాలి. ఒక 15 నిమిషాలు ఆగి చూస్తే చాలు.

నిజంగా కంగారు పడాల్సింది యాప్ ‘ఆన్‌లైన్’లోనే ఉండి అలారం చూపించినప్పుడు, లేదా ఎండలో స్క్రీన్ మీద పవర్ సున్నా ఉన్నప్పుడు. ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’ లాంటివి వైఫైతో తీరేవి కావు. ఆ కోడ్ ఫోటో తీసి ఇన్‌స్టాలర్‌కి పంపాలి.

“ఆ రోజుల యూనిట్లు బిల్లులో కలవవు”

బిల్లు వేసేది డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ. అది టీజీఎస్పీడీసీఎల్ అయినా, ఏపీఈపీడీసీఎల్ అయినా చూసేది నెట్ మీటర్లోని ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ రీడింగులనే. మీ యాప్‌కీ దానికీ సంబంధం లేదు. డాంగిల్ నుంచి ఆ మీటరుకి వైరు కూడా ఉండదు.

ఈ భయం పుట్టడానికి ఒక కారణం ఉంది. యాప్‌లో అంకె, మీటర్లో అంకె ఎప్పుడూ సరిపోవు. యాప్ చూపేది మొత్తం ఉత్పత్తి. అందులోంచి ఇల్లు అప్పటికప్పుడు వాడుకున్నది పోను మిగిలిందే మీటర్లో ఎక్స్‌పోర్ట్ అవుతుంది. రోజుకి 14 యూనిట్లు తయారై ఇంట్లో పగలు 5 ఖర్చయితే మీటర్లో 9 మాత్రమే పడుతుంది. ఆ 5 ఎక్కడికీ పోలేదు, గ్రిడ్ నుంచి అంత తక్కువ తీసుకున్నారు.

ఆఫ్‌లైన్‌లో ఉన్న రోజుల గ్రాఫ్ ఖాళీగా కనబడొచ్చు. కొన్ని డాంగిళ్ళు దాచిపెట్టి తర్వాత పంపుతాయి, కొన్ని పంపవు. ఈ-టోటల్ మాత్రం ఇన్వర్టర్లోనే ఉంటుంది, చెరగదు. వారానికోసారి ఆ అంకె క్యాలెండర్ మీద రాసుకుంటే ఏ యాప్ లేకపోయినా లెక్క చేతిలో ఉంటుంది. అలాగని ఆఫ్‌లైన్‌ని నెలల తరబడి వదిలేయకూడదు. ఇన్వర్టర్ నిజంగా ట్రిప్ అయి కూర్చుంటే చెప్పే దిక్కు ఉండదు, ఆ నష్టం బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

“5జీ వైఫై పెట్టిస్తే సమస్య ఉండదు”

చాలా ఇళ్ళలో సమస్య మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. ఇళ్ళలో ఉన్న డాంగిళ్ళలో అత్యధికం 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే పట్టుకుంటాయి. రౌటర్ మీద ‘5జీ’ అని కనబడేది 5 గిగాహెర్ట్జ్ బ్యాండు. మొబైల్ 5జీకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ బ్యాండు ఈ డాంగిల్‌కి కనబడనే కనబడదు. పైగా 5 గిగాహెర్ట్జ్ తరంగం కాంక్రీటు స్లాబుని దాటడంలో 2.4 కంటే బలహీనం. ఇన్వర్టర్ మెట్ల గదిలోనో డాబా మీదో ఉండి, రౌటర్ కింద హాల్లో ఉండే మన ఇళ్ళకి అది అసలే పనికిరాదు.

కొత్త ఫైబర్ రౌటర్లు చాలావరకు రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెడతాయి. పాత రౌటర్‌తో ఏడాది నడిచిన డాంగిల్, కొత్తది పెట్టిన రోజే తెగిపోవడానికి కారణం తరచూ ఇదే. రౌటర్ సెట్టింగుల్లో ‘స్మార్ట్ కనెక్ట్’ లేదా ‘బ్యాండ్ స్టీరింగ్’ ఆపి, 2.4కి వేరే పేరు పెట్టండి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంటే డబ్ల్యూపీఏ2కి మార్చండి. పేరులో, పాస్‌వర్డ్‌లో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు మాత్రమే ఉంచండి. ఖాళీలు, ప్రత్యేక గుర్తులు ఉంటే కొన్ని డాంగిళ్ళు తికమకపడతాయి. నెట్‌వర్క్ పేరు దాచి ఉంచే సెట్టింగ్, మ్యాక్ ఫిల్టర్ (ఎంచిన పరికరాలనే రానిచ్చే సెట్టింగ్) ఉంటే తీసేయండి.

తప్పు రౌటర్‌దా, డాంగిల్‌దా తేల్చడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. రౌటర్ ఆపేయండి. మీ ఫోను హాట్‌స్పాట్‌కి ఇంటి వైఫై పేరు, అదే పాస్‌వర్డ్, పెద్ద చిన్న అక్షరాలు కూడా అచ్చం అలాగే పెట్టండి. ఆండ్రాయిడ్‌లో హాట్‌స్పాట్ బ్యాండు 2.4 ఎంచుకోండి, ఐఫోన్‌లో ‘మ్యాక్సిమైజ్ కంపాటిబిలిటీ’ ఆన్ చేయండి. ఫోను ఇన్వర్టర్‌కి రెండు మీటర్ల దూరంలో పెట్టి 10 నిమిషాలు ఆగండి. డాంగిల్ ఏ సెట్టింగూ మార్చకుండానే ఇంటి వైఫై అనుకుని ఎక్కేస్తుంది. యాప్ ఆన్‌లైన్ అయితే డాంగిల్ మంచిదే, లోపం రౌటర్ సెట్టింగుల్లోనో దూరంలోనో ఉంది. కాకపోతే డాంగిల్‌నీ, దాన్ని గుచ్చిన పోర్టునీ అనుమానించాలి.

దూరం సంగతి ఫోనే చెబుతుంది. ఇన్వర్టర్ పక్కన నిలబడి వైఫై సిగ్నల్ కొలిచే ఏదైనా యాప్‌లో చూడండి. సిగ్నల్‌ని డీబీఎంలో చూపిస్తుంది, మైనస్ అంకె పెద్దదయ్యేకొద్దీ సిగ్నల్ బలహీనం. మైనస్ 65 డీబీఎం వరకు హాయిగా నడుస్తుంది. మైనస్ 75 దాటితే వస్తూ పోతూ ఉంటుంది. 2.4 బ్యాండుకి పనిచేసే రిపీటర్‌ని మెట్ల మధ్యలో పెడితే చాలా ఇళ్ళకి సరిపోతుంది. దాన్ని ఇన్వర్టర్ దగ్గర కాకుండా, రౌటర్ సిగ్నల్ ఇంకా బలంగా ఉన్నచోట పెట్టాలి. లోపలి ప్లగ్గులో ఉండాలి, వాన తగలకూడదు.

వైఫై లేని పొలం ఇంటికి సిమ్ వేసే డాంగిళ్ళు వస్తాయి. కొనేముందు అది 2జీదా 4జీదా అడగండి. జియోకి 2జీ లేదు కాబట్టి 2జీ డాంగిల్లో ఆ సిమ్ ఎప్పటికీ పనిచేయదు. రీచార్జి గడువు కూడా గుర్తుపెట్టుకోండి. సిమ్ డాంగిల్ ఉన్నట్టుండి ఆగితే మొదట చూడాల్సింది అదే.

“స్టాటిక్ ఐపీ తీసుకోండి”

అక్కర్లేదు. బయటినుంచి ఎవరూ మీ డాంగిల్‌ని వెతుక్కుంటూ రారు. డాంగిలే సర్వర్‌కి ఫోన్ చేసినట్టు కనెక్షన్ తెరుస్తుంది. మామూలు ఇంటి కనెక్షన్ సరిపోతుంది. నెలనెలా అదనపు డబ్బు కట్టకండి.

“రీసెట్ నొక్కండి”

రీసెట్ ఆఖరి మెట్టు. అది నొక్కితే డాంగిల్‌లో ఉన్న ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ చెరిగిపోతాయి. నెట్ ఒక గంట పోయినందుకు రీసెట్ నొక్కినవాళ్ళకి, నెట్ తిరిగొచ్చాక కూడా యాప్ రాదు.

ముందు లైట్లు చదవండి. సోలార్‌మ్యాన్ అనే కంపెనీ తరహా డాంగిల్ మీద నెట్, కామ్, రెడీ అని మూడు లైట్లుంటాయి. కామ్ ఆరిపోయి ఉంటే డాంగిల్‌కీ ఇన్వర్టర్‌కీ మాటల్లేవు. రౌటర్‌ని ఎంత సతాయించినా ప్రయోజనం లేదు, డాంగిల్ వదులైందేమో, పిన్నుల్లో తడి, చీమలు చేరాయేమో చూడాలి. నెట్ ఆరిపోయి ఉంటే రౌటర్ దొరకడం లేదు. నెట్ నెమ్మదిగా, సెకనుకోసారి కొట్టుకుంటుంటే రౌటర్ దొరికింది కానీ సర్వర్ అందలేదు, అంటే ఇంటర్నెట్ వైపు చూడాలి. నెట్ నిలకడగా వెలుగుతుంటే సర్వర్‌కి చేరింది, ఇక యాప్‌లోనే ఏదో ఉంది. వేరే కంపెనీల లైట్ల అర్థాలు వేరు, వాటి మాన్యువల్ చూడండి.

రౌటర్ మార్చినవాళ్ళు కొత్తదానికి పాత పేరు, పాత పాస్‌వర్డ్ పెడితే డాంగిల్‌ని ముట్టుకోనక్కర్లేదు. పాస్‌వర్డ్ మార్చక తప్పకపోతే సోలార్‌మ్యాన్ తరహా డాంగిల్‌కి ఇలా చేయండి: ఫోనులో మొబైల్ డేటా ఆపి, ‘ఏపీ’తో మొదలై సీరియల్ నంబరు ఉండే వైఫైకి కనెక్ట్ అవండి. దాని పాస్‌వర్డ్ డాంగిల్ స్టిక్కర్ మీద ఉంటుంది. ‘ఇంటర్నెట్ లేదు’ అని ఫోను అడిగితే కనెక్షన్‌లోనే ఉండమనండి. మొబైల్ డేటా ఆపకపోతే ఫోను మెల్లగా అటు జారిపోతుంది, పేజీ తెరుచుకోదు. బ్రౌజర్లో 10.10.100.254 కొట్టి, స్టిక్కర్ మీద లేదా మాన్యువల్లో ఇచ్చిన లాగిన్‌తో వెళ్ళి, వైఫై జాబితాలో మీది ఎంచుకుని కొత్త పాస్‌వర్డ్ ఇవ్వండి. సేవ్ చేశాక డాంగిల్ తనే ఆగి మొదలవుతుంది. కంపెనీ యాప్ ద్వారా చేస్తుంటే ఆండ్రాయిడ్‌లో లొకేషన్ అనుమతి ఇవ్వాలి, లేకపోతే వైఫై జాబితా ఖాళీగా వస్తుంది.

“ప్యానెల్ వైర్లు ఊడదీసి మళ్ళీ పెట్టండి”

ఇది ఎవరూ చేయకూడదు. ఈ ఒక్క మాట కోసమైనా ఆ సందేశాన్ని ముందుకు పంపకండి.

540 వాట్ల ప్యానెళ్ళు ఆరు వరసగా కలిపితే ఎండలో 250 నుంచి 300 వోల్టుల డీసీ ఉంటుంది, 13 ఆంపియర్ల దాకా పారుతుంది. మన ఇంటి ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కనుక తెగినచోట నిప్పురవ్వ ఆరిపోవడానికి వీలుంటుంది. డీసీకి ఆ సున్నా లేదు. ప్యానెల్ వైర్లని కలిపే ఎమ్‌సీ4 కనెక్టర్‌ని నడుస్తుండగా లాగితే రెండు కొసల మధ్య ఆర్క్ (ఆరని నిప్పురవ్వ) సాగుతూ ప్లాస్టిక్‌ని కరిగించి చేతుల్ని కాలుస్తుంది, మంటలూ రేగొచ్చు. డాంగిల్ సమస్యకి ప్యానెల్ వైరుతో పనే లేదు.

ఇన్వర్టర్‌ని ఆపి మళ్ళీ పెట్టాల్సి వస్తే ముందు ఏసీడీబీలో (ఇన్వర్టర్ నుంచి ఇంటివైపు వెళ్ళే ఏసీ కరెంటు పెట్టె) ఎంసీబీ స్విచ్చి ఆపండి. స్క్రీన్ మీద పవర్ సున్నాకి వచ్చాక డీసీ ఐసోలేటర్, అంటే ప్యానెళ్ళ వైపు కరెంటు ఆపే స్విచ్చి, తిప్పి ఆపండి. లోపలి కెపాసిటర్లు ఖాళీ అవడానికి కనీసం 5 నిమిషాలు ఆగండి. తర్వాత మీ మాన్యువల్లో చెప్పిన వరసలో వేయండి. కాలిన వాసన, కరిగిన ప్లాస్టిక్, పెట్టెలో నీళ్ళు కనబడితే ఏదీ ముట్టుకోకుండా మనిషిని పిలవండి.

“ఏఎంసీ కోసం కంపెనీవాళ్ళే ఆపుతారు”

ఇందులో ఒక పాలు నిజం ఉంది, దాన్ని దాచకూడదు. కొన్ని మోడళ్ళలో ఇన్‌స్టాలర్ ఖాతా నుంచి ఇన్వర్టర్‌ని దూరంనుంచే ఆపే వీలుంటుంది. కానీ ఆ ఆదేశం వెళ్ళాల్సింది ఇదే డాంగిల్ గుండా. ఆఫ్‌లైన్‌లో ఉన్న ఇన్వర్టర్‌కి ఎవరూ ఏ ఆదేశమూ పంపలేరు. అందుకని ఆఫ్‌లైన్‌ని కంపెనీ కుట్రకి రుజువుగా చూపడం కుదరదు. పైగా పీఎం సూర్యఘర్ కింద పెట్టిన ప్లాంటుకి 5 ఏళ్ళ నిర్వహణ వెండర్ బాధ్యతే.

అడగాల్సిన హక్కు వేరే ఉంది. చాలా ఇళ్ళలో ప్లాంటు ఇన్‌స్టాలర్ పేరు మీదే నమోదై, ఇంటివాళ్ళకి చూసే అనుమతి మాత్రమే ఉంటుంది. ఆ మనిషి ఫోను ఎత్తడం మానేస్తే డాంగిల్ మార్చుకోవడం కూడా కష్టమవుతుంది. ప్లాంటుని మీ మెయిల్, మీ ఫోను నంబరు మీద యజమాని ఖాతాకి మార్చమని అడగండి. ఇన్వర్టర్, డాంగిల్ సీరియల్ నంబర్లు, వారంటీ కాగితం, నెట్ మీటరు నంబరు ఫోటోలు తీసి పెట్టుకోండి. ఫిర్యాదు చేసేటప్పుడు ‘యాప్ రావడం లేదు’ అని వదిలేయకుండా ఏ లైటు ఎలా ఉంది, స్క్రీన్ మీద పవర్ ఎంత ఉంది, హాట్‌స్పాట్ పరీక్షలో ఏం తేలింది అని మూడు ముక్కలు రాసి పంపండి. వచ్చేవాళ్ళు డాంగిల్ తెచ్చుకోవాలో, రిపీటర్ తెచ్చుకోవాలో బయల్దేరే ముందే తెలుస్తుంది.